మీ యాత్ర దారీ ఆ ఫౌజు దారీ ఒకటే: లక్నో రెసిడెన్సీ దగ్గర బస్సు ఆపండి

కాశీ, ప్రయాగ, అయోధ్య, నైమిశారణ్యం యాత్రలు నడిపే తెలుగు ట్రావెల్స్ యజమానులకు, టూర్ మేనేజర్లకు, బస్సులో మైకు పట్టుకుని వివరాలు చెప్పే గైడన్నలకు నమస్కారం.

ఈ ఉత్తరం ఒక్క విన్నపం కోసం. మీ బస్సులు లక్నోలో ఎలాగూ ఆగుతాయి. నైమిశారణ్యం వెళ్ళాలన్నా, తిరుగు రైలో విమానమో అందుకోవాలన్నా ఆ ఊరు దాటక తప్పదు కదా. ఆగినప్పుడు బడా ఇమాంబాడా చూపిస్తారు, ఆ తర్వాత హజ్రత్‌గంజ్ వైపు చికన్ వర్క్ షాపుల్లో సగం పూట గడిచిపోతుంది. ఆ రెండింటి మధ్య దారిలోనే రెసిడెన్సీ ఉంది, అంటే నవాబుల కాలంలో బ్రిటిష్ ప్రతినిధి ఉన్న భవనాల ఆవరణ. దానికి ఒక గంటన్నర ఇవ్వండి. ఇచ్చి, 1857 సిపాయిల తిరుగుబాటులో దాన్ని ముట్టడించినప్పుడు అక్కడ ఏం జరిగిందో గోడకు ఇవతలి నుంచీ అవతలి నుంచీ కూడా చెప్పండి.

నేనూ మీలాంటి ఒక ట్రావెల్స్ బస్సులోనే వెళ్ళాను. ఏర్పాట్లకు వంక పెట్టడానికి లేదు. తెల్లారకముందే కాఫీ, ఊరుకాని ఊళ్ళో పప్పూ పచ్చడీ, మెట్లెక్కలేని పెద్దవాళ్ళకు చేయందించే కుర్రాళ్ళు, అన్నీ బాగున్నాయి. కానీ రెసిడెన్సీ పక్కనుంచి బస్సు పోతున్నప్పుడు ఒక పెద్దాయన "ఇదేంటి బాబూ" అని అడిగితే, "పాత బ్రిటిష్ బంగళాలండీ, కూలిపోయాయి, చూడ్డానికేం లేదు" అని జవాబొచ్చింది. అడిగినాయన ఊరుకున్నాడు. నాకైతే మనసు చివుక్కుమంది, ఎందుకంటే మేము అప్పటికి నాలుగు రోజులుగా తిరుగుతున్న ఊళ్ళన్నీ ఆ కూలిన బంగళాల కథలోవే.

మీ టూర్ ప్రోగ్రాం కాగితం ఒకసారి ముందు పెట్టుకోండి. కాశీ, ప్రయాగ, కొందరైతే కాన్పూర్ పక్కన బిఠూర్, తర్వాత లక్నో. 1857లో లక్నోలో చిక్కుకున్న ఇంగ్లీషువాళ్ళను విడిపించడానికి బయల్దేరిన ఫౌజు వెళ్ళింది కూడా ఇదే వరసలో. అందులో ముందు నడిచిన పటాలాల్లో ఒకటి మద్రాసు నుంచే వెళ్ళింది. మద్రాస్ ఫ్యూజిలీర్స్ అని, ఈస్టిండియా కంపెనీ తెల్ల సోల్జర్ల పటాలం. దాని అధికారి జేమ్స్ నీల్. మద్రాసులో ఓడెక్కి కలకత్తాలో దిగి, జూన్ మొదట్లో కాశీ చేరాడు. అక్కడ సిపాయిల చేత తుపాకులు కింద పెట్టించబోయి వాళ్ళ మీదే కాల్పులు జరిపారు, ఆ తర్వాత ఊళ్ళో ఉరికొయ్యలు లేచాయి. జూన్ 11న నీల్ ప్రయాగ చేరాడు. మీరు అక్షయవటం చూపించడానికి తీసుకెళ్ళే కోట ఉంది చూశారా, తిరుగుబాటు మధ్యలో చిక్కుకుని ఇంగ్లీషువాళ్ళు తలదాచుకున్నది అందులోనే. కోట ఒడ్డునపడ్డాక చుట్టుపక్కల ఊళ్ళు తగలబెట్టారు, విచారణ అనే మాటే లేకుండా దారి పొడుగునా చెట్లకు మనుషుల్ని వేలాడదీశారు.

ఇక్కడ తేదీల వరస చాలా ముఖ్యం, గైడన్నలు దీన్ని మాత్రం తప్పకుండా పట్టుకోవాలి. కాన్పూర్‌లో బీబీఘర్ అనే ఇంట్లో బందీలుగా ఉన్న ఇంగ్లీషు ఆడవాళ్ళనీ పిల్లల్నీ నరికి బావిలో పడేశారు. అది కాన్పూర్ తిరుగుబాటు నాయకుడు నానాసాహెబు పక్షం వాళ్ళు చేసిన ఘోరం, దాన్ని మనం దాచకూడదు, తక్కువ చేసి చెప్పకూడదు. కానీ అది జరిగింది జూలై 15న. కాశీలో, ప్రయాగలో ఉరితీతలు జరిగింది దానికి నెల ముందు. బీబీఘర్‌కు ప్రతీకారంగానే ఇంగ్లీషువాళ్ళు క్రూరంగా మారారని ఏళ్ళ తరబడి చెప్పుకొచ్చారు, మనవాళ్ళలో కూడా చాలామంది అదే నమ్ముతారు. క్యాలెండర్ చూస్తే ఆ మాట నిలబడదు. బీబీఘర్ తర్వాత నీల్ చేసింది ఇంకో మెట్టు పైది: దొరికినవాళ్ళ చేత ఆ ఇంటి నేల మీద ఎండిన నెత్తురు నాకించి, తర్వాత ఉరితీయించాడు. ఈ మనిషి విగ్రహం మద్రాసు మౌంట్ రోడ్డులో దశాబ్దాల పాటు నిలబడి ఉంది. అప్పుడు మద్రాసు మన తెలుగు జిల్లాలకు కూడా రాజధాని. 1927లో దాన్ని తీసేయాలని సత్యాగ్రహం చేసి జనం జైళ్ళకు వెళ్ళారు, 1937లో రాజాజీ ప్రభుత్వం వచ్చాక మ్యూజియానికి తరలించారు. ఆ నీల్ సమాధి రెసిడెన్సీ ఆవరణలో చర్చి పక్కన ఉన్న శ్మశానంలో ఉంది. మద్రాసుతో ఇంత ముడి ఉన్నచోటుని "చూడ్డానికేం లేదు" అనడం భావ్యం కాదు.

అసలు ముట్టడి దాకా ఎందుకొచ్చిందో రెండు ముక్కల్లో చెప్పొచ్చు. 1856 ఫిబ్రవరిలో గవర్నర్ జనరల్ డల్హౌసీ, లక్నో రాజధానిగా ఉన్న అవధ్ రాజ్యాన్ని కలిపేసుకున్నాడు, నవాబు వాజిద్ అలీ షా కలకత్తా వెళ్ళిపోవాల్సి వచ్చింది. దర్బారు పోయింది, దాన్ని నమ్ముకున్న సైనికులు, చేతిపనివాళ్ళు, సంగీతకారులు వీధిన పడ్డారు. తాలూక్‌దార్లనే పెద్ద భూస్వాముల చేతిలోంచి ఊళ్ళు లాగేసుకున్నారు. బెంగాల్ సైన్యంలో సిపాయిల్లో చాలామందిది అవధ్ పల్లెలే, కాబట్టి ఇంట్లో జరిగింది బ్యారక్‌లోకి తెలియకుండా ఎలా ఉంటుంది? తూటాలకు పూసిన కొవ్వు గొడవ నిప్పురవ్వ మాత్రమే, ఎండుగడ్డి ఏడాది ముందు నుంచీ పేరుకుని ఉంది.

మే 30 రాత్రి లక్నో కంటోన్మెంట్‌లో సిపాయిలు తిరగబడ్డారు. అవధ్ చీఫ్ కమిషనర్ హెన్రీ లారెన్స్ ముందుచూపున్నవాడు, అప్పటికే రెసిడెన్సీలో తిండిగింజలు, మందుగుండు నింపిస్తున్నాడు, చుట్టూ కందకాలు, మట్టి గోడలు లేపిస్తున్నాడు. జూన్ 30న మాత్రం పెద్ద పొరపాటు చేశాడు. తిరుగుబాటు సేన ఫైజాబాద్ రోడ్డు మీదుగా వస్తోందని విని, దాన్ని ఊరి బయటే ఆపుదామని చిన్‌హట్ దాకా వెళ్ళాడు. అక్కడ బర్కత్ అహ్మద్ నడిపిన సేన చేతిలో చిత్తుగా ఓడి, ఎండలో దాహంతో పడుతూ లేస్తూ వెనక్కి పరుగెత్తాల్సి వచ్చింది. అయోధ్య నుంచి లక్నోకి వచ్చేటప్పుడు మీ బస్సు దాటే చిన్‌హట్ అదే. అక్కడ ఆగక్కర్లేదు, ఆ బోర్డు కనపడినప్పుడు మైకులో ఒక్క నిమిషం చెప్తే చాలు.

ఆ రోజే ముట్టడి మొదలైంది. మర్నాడు రాత్రి మచ్ఛీభవన్ కోటను ఖాళీ చేసి పేల్చేసి, అక్కడివాళ్ళు కూడా రెసిడెన్సీలోకి వచ్చేశారు. ఇప్పుడు బడా ఇమాంబాడా పక్కన మెడికల్ యూనివర్సిటీ ఉన్నది ఆ మచ్ఛీభవన్ జాగాలోనే. జూలై 2న లారెన్స్ గదిలో షెల్ పడి పేలింది. ముందు రోజే అదే గదిలోకి ఒక షెల్ దూసుకొచ్చింది, గది మార్చమని అందరూ చెప్పినా మర్నాటికి వాయిదా వేశాడు. జూలై 4న చనిపోయాడు. తన విధి చేయడానికి ప్రయత్నించినవాడని మాత్రం రాయమన్నాడట, సమాధి మీద ఆ మాటే ఉంది.

లోపల ఉన్నది దాదాపు 3,000 మంది. లోపలంతా తెల్లవాళ్ళు, బయటంతా మనవాళ్ళు అన్నట్టు చెప్పేస్తుంటారు, అక్కడే కథ మొత్తం పాడైపోతుంది. లోపల తుపాకీ పట్టిన వాళ్ళలో 700 మందికి పైగా సిపాయిలు మన దేశస్థులే. పింఛను తీసుకుని ఊళ్ళో ఉంటున్న ముసలి సిపాయిలు కూడా లారెన్స్ కబురు పెడితే వచ్చారు. ఉప్పు తిన్న విశ్వాసమనండి, పటాలం పరువనండి, ఎటు గెలుస్తారో తేల్చుకోలేని అయోమయమనండి, ఒక్కొక్కరిది ఒక్కో కారణం అయ్యుంటుంది. గోడ అవతల నుంచి బంధువులు, ఒకప్పుడు ఒకే గుడారంలో పడుకున్నవాళ్ళు పేర్లు పెట్టి పిలిచి, బయటికి రమ్మని బతిమాలేవాళ్ళు, తిట్టేవాళ్ళు. కొందరు వెళ్ళిపోయారు కూడా. నల్లమందు, పొగాకు దొరక్క విలవిల్లాడి గోడ దూకినవాళ్ళున్నారు. ప్రధాన ద్వారం బెయిలీ గార్డ్‌ను చివరిదాకా కాపలా కాసింది మాత్రం 13వ నేటివ్ ఇన్ఫాంట్రీ సిపాయిలే. వాళ్ళను ద్రోహులంటే ఒక్క మాటలో అయిపోతుంది, వీరులన్నా అయిపోతుంది. మీరు మాత్రం ఏ ముద్రా వేయకుండా, బంధువుల గొంతులు వింటూ రాత్రంతా ఆ గేటు దగ్గర నిలబడ్డ మనిషి పరిస్థితి చెప్పి వదిలేయండి. వినేవాళ్ళకు అర్థమవుతుంది, మనవాళ్ళు భారతం విని పెరిగినవాళ్ళు.

లోపలికి తీసుకెళ్ళినప్పుడు బాంక్వెట్ హాల్ దగ్గర కాసేపు ఎక్కువ ఉండండి. నవాబుల కాలంలో విందుల కోసం కట్టిన హాలు ముట్టడిలో ఆసుపత్రి అయింది. కాలో చెయ్యో తీసేయాల్సొచ్చిన వాళ్ళలో బతికినవాళ్ళు దాదాపు లేరు. వానాకాలం, కలరా, మశూచి, కుళ్ళిన పశువుల కంపు, అన్నం ముద్ద ఎత్తితే దాని మీద నల్లగా ముసిరే ఈగలు. ఆడవాళ్ళూ పిల్లలూ నేలమాళిగల్లో ఉన్నారు. పసిపిల్లలు వరసగా పోయారు. లా మార్టినియర్ స్కూలు కుర్రాళ్ళు చీటీలు మోస్తూ, ఆసుపత్రిలో పంకాలు లాగుతూ గడిపారు.

ఈ హాలుకి సంబంధించిందే ఇంకో సంగతి ఉంది, నాకు మొత్తం ముట్టడిలో ఇదే ఎక్కువ విచిత్రంగా అనిపిస్తుంది. లారెన్స్ బతికుండగా దీని కింద ఉన్న ఈత తొట్టిని ధాన్యంతో నింపించాడు. చిన్‌హట్‌లో సరఫరాల అధికారి గాయపడ్డాడు, లారెన్స్ చనిపోయాడు, ఆ నిల్వ సంగతి తర్వాత కమాండ్ తీసుకున్న బ్రిగేడియర్ ఇంగ్లిస్‌కు తెలియలేదు. దాంతో ఆయన తిండి అయిపోవస్తోంది, త్వరగా రండి అని కాన్పూర్‌లో ఉన్న విడిపించే సేన జనరల్ హావ్‌లాక్‌కు కబుర్ల మీద కబుర్లు పంపాడు. ఆ తొందర వల్లే విడిపించే సేన ఉన్న కొద్దిమందితోనే పడుతూ లేస్తూ వచ్చి, దారిలో వందలమందిని పోగొట్టుకుంది. తీరా లోపలికొచ్చి లెక్క చూస్తే ఇంకా నెలలకు సరిపడా తిండి ఉంది. లెక్క తెలిసిన ఇద్దరు మనుషులు లేకపోవడం వల్ల ఎంతమంది ప్రాణాలు పోయాయో చూడండి.

ఆ కబుర్లు మోసింది ఎవరనుకున్నారు? అంగద్ తివారీ అనే ముసలి సిపాయి. ఉత్తరాన్ని సన్నగా చుట్టి ఈకకాడలో పెట్టుకుని, ముట్టడి వేసినవాళ్ళ మధ్యనుంచే నడుచుకుంటూ కాన్పూర్ వెళ్ళి వచ్చేవాడు. దొరికితే చదవలేకుండా ఇంగ్లీషు మాటల్ని గ్రీకు అక్షరాల్లో రాసేవాళ్ళు. సెప్టెంబర్ 22 రాత్రి, సాయం దగ్గర్లోకి వచ్చేసిందన్న కబురు తెచ్చింది ఆయనే.

ఇప్పుడు గోడ బయటికి రండి, నన్నడిగితే సగం టైం ఇక్కడే గడపాలి. బయట ఉన్నది ఒట్టి "తిరుగుబాటు మూక" కాదండీ, ఒక రాజ్యం. జూలై మొదటి వారంలోనే నవాబు కొడుకు బిర్జిస్ ఖద్ర్‌ను గద్దెనెక్కించారు, ఆ పిల్లాడికి పన్నెండేళ్ళు అటూ ఇటో. వాడి పేరున పాలించింది తల్లి బేగం హజ్రత్ మహల్. ఫర్మానాలు వెళ్ళాయి, జీతాలు కట్టే ప్రయత్నాలు జరిగాయి, హిందూ రాజా జైలాల్ సింగ్ లాంటివాళ్ళు ఆ దర్బారులో పెద్ద పనులు చూశారు. తిరుగుబాటుకు మరో నాయకుడైన మౌల్వీ అహ్మదుల్లా షాకు వేరే బలగం, వేరే మాట. బేగం మనుషులకూ మౌల్వీ మనుషులకూ పొసగలేదు, పటాలాలు ఎవరి సుబేదార్ మాట వాళ్ళే వినేవి. వేలమంది ఉండి, ఫిరంగులు ఉండి, అంత చిన్న చోటుని పట్టుకోలేకపోవడానికి లోపలివాళ్ళ ధైర్యం ఒక కారణమైతే బయట ఒక్క పెత్తనం లేకపోవడం ఇంకో కారణం. ఇది కూడా దాచకుండా చెప్పాలి, మనవాళ్ళు కదా అని సర్ది చెప్పక్కర్లేదు.

భూమి కింద జరిగిన యుద్ధం గురించి కూడా చెప్పండి, పిల్లలు వెంట వస్తే కళ్ళు పెద్దవి చేసుకుని వింటారు. బయటి నుంచి పాసీ కులస్థులు సొరంగాలు తవ్వి గోడల కిందకు మందుగుండు తెచ్చేవాళ్ళు. లోపల 32వ పటాలంలో ఇంగ్లండు కార్న్‌వాల్ గనుల్లో పనిచేసి వచ్చిన సోల్జర్లు ఉన్నారు, వాళ్ళు కెప్టెన్ ఫుల్టన్ ఆధ్వర్యంలో ఎదురు సొరంగాలు తవ్వేవాళ్ళు. చీకట్లో నేలకు చెవి ఆనించి అవతలి పలుగు చప్పుడు వినడం, అది దగ్గరికి వచ్చేదాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చోవడం, అదీ పని. జూలై 20, ఆగస్టు 10, ఆగస్టు 18, సెప్టెంబర్ 5, పెద్ద దాడులు. ఆగస్టు 18న ఒక సొరంగం పేలి గోడకు పెద్ద గండి పడింది, దాన్ని పూడ్చుకునేదాకా లోపలివాళ్ళ ప్రాణం అరచేతిలో ఉంది. పక్కనే జోహన్నెస్ ఇంట్లో ఒక ఆఫ్రికన్ గురికాడు ఉండేవాడు, నవాబుల కొలువులో ఉన్న హబ్షీల్లో ఒకడు. అతని గురికి భయపడి లోపలివాళ్ళు ఒక మారుపేరు కూడా పెట్టుకున్నారు. ఆ ఇంటిని కూడా చివరికి కింద నుంచి సొరంగం తవ్వే పేల్చారు.

అన్నట్టు, 1857 జూలై 17 తేదీని హైదరాబాద్ నుంచి వచ్చే బ్యాచ్‌లకు తప్పకుండా చెప్పండి. హావ్‌లాక్ కాన్పూర్‌లో అడుగుపెట్టింది ఆ రోజు. అదే రోజు సాయంత్రం మన హైదరాబాద్‌లో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ వందలమంది రోహిల్లా పఠాన్లతో కోఠి రెసిడెన్సీ మీదకు వెళ్ళారు. కోఠి ఉమెన్స్ కాలేజీగా మనందరికీ తెలిసిన భవనమే అది. ఇంగ్లీషువాళ్ళ మీద తిరగబడిన జమేదార్ చీదాఖాన్‌ను పట్టి రెసిడెన్సీకి అప్పగించారన్న కోపం అది. నిజాం దివాను మొదటి సాలార్ జంగ్ రెసిడెన్సీకి ముందే కబురందించాడు, మద్రాస్ ఫిరంగి దళం కాల్పులు జరిపింది, తెల్లారేసరికి అంతా అయిపోయింది. తుర్రేబాజ్ ఖాన్ దొరికి, తప్పించుకుని, చివరికి 1859లో తూప్రాన్ దగ్గర చంపబడ్డాడు, అలావుద్దీన్‌ను అండమాన్ పంపారు. లక్నోలో నెలల తరబడి సాగింది ఇక్కడ ఒక్క రాత్రితో ఎందుకు ముగిసిందంటే, అక్కడ నవాబుని తోసేశారు, ఇక్కడ నిజాం గద్దె మీదే ఉన్నాడు, దివాను ఇంగ్లీషువాళ్ళ పక్కన నిలబడ్డాడు. ఈ పోలిక మన జనానికి ఇట్టే ఎక్కుతుంది.

సరే, విడిపించే సేన. హావ్‌లాక్ జూలై చివర్లో ఒకసారి గంగ దాటి ఉన్నావ్, బషీరత్‌గంజ్ దాకా వచ్చి కలరాకూ తూటాలకూ చాలామందిని పోగొట్టుకుని వెనక్కి పోయాడు. సెప్టెంబర్‌లో జనరల్ ఔట్రమ్ ఇంకొంత సేనతో వచ్చి కలిశాక మళ్ళీ బయల్దేరి, 23న ఆలంబాగ్, 25న చార్‌బాగ్ వంతెన దాటి ఊళ్ళోకి దిగారు. మీ జనం విమానంలో వస్తే అమౌసీ నుంచి బస్సు వచ్చే కాన్పూర్ రోడ్డు, ఆలంబాగ్, చార్‌బాగ్ అంతా ఆ దారే. చార్‌బాగ్ స్టేషన్ ముందు సామాన్లు లెక్క పెట్టుకుంటూ నిలబడే చోటికి కూతవేటు దూరంలో ఆ పోరు జరిగింది. వీధి వీధికీ, మేడ మేడకీ తుపాకులు. ఆ రోజే నీల్ తూటాకి పడిపోయాడు. 500 మందికి పైగా చచ్చో గాయపడో పోయాక మిగిలినవాళ్ళు బెయిలీ గార్డ్ దగ్గరికి చేరారు. ఆ గందరగోళంలో, సందె చీకట్లో, లోపల 87 రోజులు ఆ గేటు కాపాడిన సిపాయిల్లో కొందరిని శత్రువులనుకుని స్కాటిష్ సోల్జర్లు బాయ్‌నెట్లతో పొడిచి చంపారు. వైస్రాయ్ నార్త్‌బ్రూక్ తర్వాత ఆ దగ్గర్లోనే నేటివ్ సిపాయిలకు స్మారకం పెట్టించాడు. మీ జనాన్ని దాని ముందు నిలబెట్టి ఈ ముక్క చెప్పండి.

లోపల కేథరిన్ బార్ట్రమ్ అనే ఒకావిడ ఉండేది, చంకలో పసివాడు. భర్త డాక్టరు, వస్తున్న సేనలో ఉన్నాడు. వచ్చాడని ఎవరో చెప్తే పిల్లాడికి శుభ్రమైన బట్టలు తొడిగి గుమ్మం దగ్గర నిలబడింది. మర్నాడు కూడా నిలబడింది. ఆయన గేటుకి కాస్త ఇవతల ప్రాణం విడిచాడని ఆ తర్వాత తెలిసింది. ఆ పిల్లాడు కూడా కలకత్తాలో ఓడెక్కే ముందు చనిపోయాడు. ఈవిడ గురించి చెప్పడానికి మనం సంకోచించక్కర్లేదు. కాశీలో ఉరి తీయబడ్డ వాళ్ళ భార్యల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు, అది చెప్పాల్సిన విషయమే, కానీ అది ఈవిడ తప్పు కాదు.

మొదటి సేన వచ్చింది కానీ ఎవర్నీ బయటికి తీసుకెళ్ళలేకపోయింది, తనే ముట్టడిలో చిక్కుకుంది. నవంబర్‌లో బ్రిటిష్ సేనాధిపతి కోలిన్ కాంప్‌బెల్ పెద్ద సేనతో వచ్చాడు. అతనికి దారి చూపించడానికి రెసిడెన్సీ లోపలున్న కావనా అనే గుమాస్తా ముఖానికి మసి పూసుకుని, వేషం మార్చుకుని, నవంబర్ 9 రాత్రి గోమతి దాటి వెళ్ళాడు, బ్రిటిష్ శౌర్య పతకం విక్టోరియా క్రాస్ వచ్చింది. అతన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిన కనౌజీ లాల్‌కు రాలేదు, ఇండియన్లకు ఆ పతకం ఇవ్వొచ్చన్న నిబంధన 1911 దాకా లేదు.

ఇక సికందర్ బాగ్. వాజిద్ అలీ షా తన రాణి సికందర్ మహల్ పేరున కట్టించిన ఎత్తైన గోడల తోట అది. నవంబర్ 16న కాంప్‌బెల్ సేనలో 93వ హైలాండర్లు, పంజాబ్ పటాలంలోని సిక్కులు గోడకు కన్నం వేసి లోపలికి దూరారు. లోపలున్నవాళ్ళకు బయటికి పోయే దారి లేదు. దాదాపు 2,000 మంది సిపాయిలు చనిపోయారు, లొంగిపోతామన్నవాళ్ళను కూడా వదల్లేదు. తెల్లవాళ్ళ శవాలను పూడ్చారు, మనవాళ్ళ శవాలు అలాగే వదిలేశారు. తర్వాతి ఏడాది బియాతో అనే ఫోటోగ్రాఫర్ తీసిన ఫోటోలో ఆ ఆవరణంతా ఎముకలు చెల్లాచెదురుగా కనిపిస్తాయి. అక్కడ రావిచెట్టు మీద నుంచి గురి చూసి కాల్చిన మనిషిని కొట్టి కింద పడేస్తే ఆడమనిషి అని తేలిందని ఒక బ్రిటిష్ సైనికుడు రాసుకున్నాడు, పేరు రాయలేదు. ఆమె తమ ఊదాదేవి అని పాసీ జనం చెప్పుకుంటూ వచ్చారు, ఇప్పుడు అక్కడ కూడలిలో ఆమె విగ్రహం ఉంది, ప్రతి నవంబర్ 16న జనం వచ్చి దండలు వేస్తారు. బస్సు దిగకపోయినా ఫర్వాలేదు, ఆ విగ్రహం చుట్టూ ఒక్క రౌండ్ నెమ్మదిగా తిప్పి చూపించండి.

నవంబర్ 17న రెండు సేనలూ కలిశాయి, కానీ ఇంత చేసి వాళ్ళు రెసిడెన్సీని నిలబెట్టుకోలేదు. 22 రాత్రి దీపాలు వెలుగుతుండగానే చప్పుడు చేయకుండా జారుకున్నారు. కెప్టెన్ వాటర్‌మన్ అనే ఒకాయన నిద్రపట్టేసి ఒక్కడే మిగిలిపోయి, మెలకువ వచ్చి చూస్తే చుట్టూ ఎవరూ లేక పరుగందుకున్నాడు. ముట్టడి వేసినవాళ్ళు ఖాళీ భవనాల మీద చాలాసేపు కాల్పులు జరుపుతూనే ఉన్నారు. హావ్‌లాక్ రెండు రోజులకే విరేచనాలతో చనిపోయాడు, సమాధి ఆలంబాగ్‌లో ఉంది. ఔట్రమ్ కొంత సేనతో అక్కడే ఊరి అంచున ఉండిపోయాడు. ఊరు మాత్రం మళ్ళీ బేగం చేతిలోనే, 1858 మార్చి దాకా. ఇది ఎవరూ చెప్పరు. ముట్టడి నుంచి విముక్తి అనగానే కథ అయిపోయినట్టు మాట్లాడతారు, నిజానికి లక్నో ఆ చలికాలమంతా స్వతంత్రంగా ఉంది. మార్చిలో కాంప్‌బెల్ మళ్ళీ, నేపాల్ జంగ్ బహదూర్ గూర్ఖాలతో సహా వచ్చాకే పడింది. నవాబు రాజభవనాలున్న కైసర్‌బాగ్‌ను దోచుకున్నారు, ఊరు ఖాళీ అయింది, ఊరి మధ్యనుంచి ఇళ్ళు పడగొట్టి ఫౌజు నడవడానికి వీలైన వెడల్పు రోడ్లు వేశారు, బడా ఇమాంబాడాలో దండును పెట్టారు. మౌల్వీని 1858 జూన్‌లో పవాయన్‌లో మోసంతో చంపారు. బేగం లొంగలేదు, పింఛను ఇస్తామన్నా తీసుకోలేదు, ఇండియా పాలన ఇక తనదేనన్న విక్టోరియా రాణి ప్రకటనకు ఎదురు ప్రకటన జారీ చేసింది, 1879లో కాఠ్మాండులో పోయింది. రెసిడెన్సీ మీద మాత్రం బ్రిటిష్ జెండా పగలూ రాత్రీ దించకుండా 1947 ఆగస్టు దాకా ఎగిరింది.

మీ ఇబ్బందులు నాకు తెలుసు. జనం వచ్చేది పుణ్యం కోసం, ఎండ, మోకాళ్ళ నొప్పులు, మధ్యాహ్నం భోజనం టైం తప్పితే గొడవ. అక్కడ పెద్ద చెట్లున్నాయి, పచ్చికలో కూర్చోబెట్టి చెప్పొచ్చు. నడవగలిగినవాళ్ళను బెయిలీ గార్డ్ నుంచి ట్రెజరీ, బాంక్వెట్ హాల్, రెసిడెన్సీ భవనం దాకా తీసుకెళ్తే చాలు. గోడల మీద ఫిరంగి గుండ్ల గుంతలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి, వాటిని చూస్తే సగం కథ దానంతటదే తెలుస్తుంది. కాశీలో గయలో పితృదేవతలకు పిండాలు పెట్టించే మనవాళ్ళకు, ఆ దారిలోనే అలా పోయిన వేలమంది గురించి వినడం వాళ్ళ యాత్రకు బయటి విషయమని నేననుకోను.

ఇంకో మాట గైడన్నలకు. స్కాటిష్ సేన బ్యాగ్‌పైపుల చప్పుడు అందరికంటే ముందు విన్నదని జెస్సీ అనే అమ్మాయి కథ ఒకటి తిరుగుతుంటుంది. అది అప్పట్లో పత్రికల్లో పుట్టిన కల్పన, చెప్పినా కల్పన అనే చెప్పండి. అలాగే చివర్లో జనం చేత జై కొట్టించి ముగించేయకండి, వాళ్ళను ప్రశ్నలు అడగనివ్వండి. బెయిలీ గార్డ్ సిపాయిల గురించి తప్పకుండా గొడవపడతారు, పడనివ్వండి.

వచ్చే కార్తీక మాసం ట్రిప్పుల ప్రోగ్రాం కాగితాలు మీరు దసరాకి ముందే అచ్చు వేయిస్తారు కాబట్టి ఈ ఉత్తరం ఇప్పుడు రాస్తున్నాను. లక్నో రోజున ఇమాంబాడాకూ షాపింగ్‌కూ మధ్య "రెసిడెన్సీ, సికందర్ బాగ్" అని ఒక్క లైను చేర్చండి. బస్సులో చెప్పడానికి వీలుగా చిన్‌హట్ నుంచి ఆలంబాగ్ దాకా ఎక్కడ ఏం చెప్పాలో తెలుగులో నోట్స్ రాసి ఇవ్వడానికి నేను సిద్ధం. డబ్బేమీ వద్దు, నా పేరూ వేయక్కర్లేదు, ఏ ట్రావెల్స్ వాళ్ళు అడిగినా ఇస్తాను.